రెండో అంకం, పద్నాలుగో పేజీ

ఫ్లీట్‌వుడ్,
జనవరి 14.

డెనీస్,

ఈ ఉత్తరం రాయకుండానే ఉండిపోదామనుకున్నాను. ఒక కార్డు ముక్క మీద "నాటకం అందింది, బాగుంది, ఇట్లు మీ మామయ్య" అని గిలికి పడేస్తే నీకూ తృప్తి, నా టీ కూడా చల్లారదు. మూడు రోజులు అలాగే అనుకుంటూ తిరిగాను. నాలుగో రోజు ఇదిగో, కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. ఎనభై ఒకటో ఏట మనిషికి పట్టుదలంటూ ఏమీ మిగలదు, ఉబుసుపోక మాత్రం మిగులుతుంది.

నీ తొమ్మిదో నాటకం చదివాను. "దీపస్తంభం అమ్మకానికి" అన్న పేరు నాకు నచ్చింది, గోడల మీద పోస్టరుకి నిలబడుతుంది. మొదటి నాటకం నుంచీ మనకిది ఆనవాయితీ కదా, వేదిక ఎక్కేముందు నాకొక ప్రతి పంపుతావు, ఎక్కడ నటుల నాలుక మడతపడుతుందో నేను చెబుతాను. ఆల్బియన్ థియేటర్లో పాతికేళ్ళు పక్క తెర చాటున స్టూలు మీద కూర్చుని మాటలు అందించినవాడికి అంతకుమించి తెలిసిందేముంది. పదిహేనో ఏట బడి మానేశాను. చదివిందంతా ఆ స్టూలు మీదే, మిణుగురు పురుగంత బల్బు కింద.

మొదటి అంకం బాగుంది. దీపస్తంభం కాపలాదారు పోయాక అతని భార్య జోన్ ఆ ఇంటిని కొనడానికొచ్చే వాళ్ళకి మెట్లన్నీ తిప్పి చూపించడం, ఎవరికీ అమ్మబుద్ధి కాక కీళ్ళనొప్పుల కథలు చెప్పి బెదరగొట్టడం, చదువుతూ నవ్వుకున్నాను. ఒక్క ఏడో పేజీలో మాత్రం ఆవిడ చేత బిస్కట్ తినిపిస్తూ అంత పొడుగు మాట చెప్పించకు. డెబ్బై ఎనిమిదిలో మా వేదిక మీద ఒకాయన ఇలాగే మాంసం కచోరీ నములుతూ కొడుకుని శపించాడు. శాపం ఎవరికీ వినపడలేదు, కచోరీ మాత్రం ముందు వరసలో మేయరు గారి భార్య ఒళ్ళో పడింది. ఆవిడ ఎంత పెద్దమనిషంటే విశ్రాంతి దాకా దాన్ని అలాగే ఉంచుకుంది.

రెండో అంకం కూడా చదివాను.

దాన్ని గురించి ఊరికే రెండు మూడు సంగతులు అడగాలని ఉంది. ఎప్పుడు రాశావు? ఎన్నాళ్ళు పట్టింది? రాస్తున్నప్పుడు పాత కాగితాలేమైనా దగ్గర పెట్టుకున్నావా? నీ మూడో నాటకం, "కిటికీ వైపు కుర్చీ", దాని ప్రతి నీ దగ్గర ఉందా?

నిద్ర పడుతోందా సరిగ్గా? ఇక్కడ గాలి ఎక్కువగా ఉంది. పక్కింటి నోరీన్ నిన్ను అడిగానని చెప్పమంది.

మామయ్య వాల్టర్

*

లండన్, పెక్‌హామ్,
జనవరి 19.

మామయ్యా,

ఫోన్ చేద్దామనుకున్నాను, కానీ నువ్వు ఎత్తవు. ఎత్తినా అవతల నేను ఆలోచిస్తున్నానో లైను పోయిందో తెలియడం లేదని పెట్టేస్తావు. కాబట్టి ఉత్తరమే.

రిహార్సళ్ళు మొదలై వారమైంది. దర్శకుడి పేరు జాస్పర్, ముప్ఫై నాలుగేళ్ళు. గదిలోకి రాగానే అందరి చేతా బూట్లు విప్పిస్తాడు, నేల తగిలితేగాని నిజం రాదంటాడు. జోన్ వేషం వేస్తున్న పెద్దావిడ మేజోడుకి చిల్లు. మొదటి రోజంతా ఆవిడ ఆ కాలు రెండో కాలి వెనకే దాచుకుంది. అంతకంటే మంచి నటన ఈ వారంలో నేను చూడలేదు.

నీకు తెలియనిదేముంది, నా పరిస్థితి ఏమంత బాగాలేదు. "ఆదివారం బస్సు లేదు" ఆడినప్పుడు నన్ను నెత్తిన పెట్టుకున్నవాళ్ళే ఈ మధ్య వచ్చిన రెండు నాటకాలకి మొహం తిప్పుకున్నారు. ఒక పత్రికలో ఏం రాశారో చూశావుగా, "చెప్పాల్సినదంతా ఆవిడ ఎప్పుడో చెప్పేసింది" అని. ఇదీ పోతే ఇంకెవరూ నాకు వేదిక ఇవ్వరు. పొద్దున ముందు ఆ మాట నిద్ర లేస్తుంది, తరవాతే నా కళ్ళు తెరుచుకుంటాయి.

కానీ రెండో అంకం మాట అడిగావు గనక చెబుతాను. అక్టోబరులో పదకొండు రోజుల్లో వచ్చింది. నేను రాయలేదు మామయ్యా, ఎవరో పక్కన కూర్చుని చెబుతున్నట్టే వచ్చింది. పద్నాలుగో పేజీలో కూతురు నారింజ వలుస్తూ, ఇల్లు అమ్ముడైపోయిందన్న మాట తల్లికి చెప్పలేకపోయే ఘట్టం ఉంది చూడు, అది చదివాక గదిలో అందరూ మళ్ళీ చదవమన్నారు. "ముప్ఫై ఏళ్ళలో మీరు రాసినవాటిలో ఇదే గొప్పది" అన్నాడు జాస్పర్. ముప్ఫై ఏళ్ళ కింద వాడికి నాలుగేళ్ళనుకో, అయినా వినడానికి బాగానే ఉంది.

"కిటికీ వైపు కుర్చీ" ఎందుకడిగావు? నా ప్రతి పాత ఇంటి నేలమాళిగలో నీళ్ళొచ్చినప్పుడే పోయింది. అందులో ఏముందో కూడా నాకిప్పుడు గుర్తులేదు. ఎవరో కుర్చీలో కూర్చుంటారు, అంతేగా?

అన్నట్టు నీకు చెప్పనేలేదు, మా దర్శకుడు జాస్పర్ అనే అతను గదిలోకి రాగానే అందరి చేతా బూట్లు విప్పిస్తాడు. జోన్ వేసే ఆవిడ మేజోడుకి చిల్లు. పాపం రోజంతా కాలు దాచుకుంది.

డెనీస్

*

ఫ్లీట్‌వుడ్,
జనవరి 27.

డెనీస్,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. జవాబు రెండుసార్లు రాసి చింపాను. ఇది మూడోది.

ముందు నా పని గురించి నీకెప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్పాలి. విసుక్కోకు, దారి అటునుంచే ఉంది. వేదిక మీద నటుడు ఆగాడంటే రెండే కారణాలు. అక్కడ ఆగమని దర్శకుడు చెప్పి ఉండాలి, లేదా మాట పోయి ఉండాలి. జనానికి రెండూ ఒకలాగే ఉంటాయి. పక్క తెర చాటున కూర్చున్నవాడికి మాత్రం తేడా తెలియాలి, వాడి కూడు అదే. తొందరపడి మాట అందిస్తే నటుణ్ణి నలుగురిలో అవమానించినట్టు. ఆలస్యమైతే చంపినట్టు. మొదటి రెండేళ్ళూ నేను మొహాలు చూసి చెడిపోయాను, తరవాత చేతులు చూడడం నేర్చుకున్నాను. కావాలని ఆగినవాడి చేతులు ఊరుకుంటాయి. మాట పోయినవాడి చేయి దేన్నో ఒకదాన్ని వెతుక్కుంటుంది, చొక్కా గుండీనో కుర్చీ వీపునో.

ఇప్పుడు సంగతికొస్తాను. నీ రెండో అంకం పద్నాలుగో పేజీ చదువుతుంటే నాలుగో మాట దగ్గర నా పెదవులు కదిలాయి. పేజీ తిప్పకముందే అవతలి పేజీలో ఏముందో నా నోట్లోకి వచ్చింది. ముసలితనపు భ్రమ అనుకున్నాను. తరవాత అటక మీది పెట్టె దించి, ఎనభై తొమ్మిది నవంబరు నాటి నా ప్రాంప్టు పుస్తకం, మాటలందించడానికి పెట్టుకున్నది, తీశాను.

ఆ నారింజ ఘట్టం "కిటికీ వైపు కుర్చీ"లోది డెనీస్. మూడో దృశ్యం. అక్కడ తల్లి పేరు నోరా, ఇక్కడ జోన్. నలభై రెండు డైలాగులున్నాయి. ముప్ఫై తొమ్మిది అక్షరం తేడా లేకుండా అవే. తల్లి వెనక్కి తిరగకుండా "ఆ తుడిచే గుడ్డతోనే మొహం కూడా తుడుచుకో" అంటుంది చూడు, అది కూడా.

నీ సొత్తు నువ్వు వాడుకుంటే నాకేం బాధ లేదు. తెలిసి వాడుకుని ఉంటే ఈ ఉత్తరం చింపెయ్, నేను సిగ్గుపడి ఊరుకుంటాను. కానీ నీకు తెలియదని నాకనిపించింది. ఎవరో పక్కన కూర్చుని చెప్పినట్టు వచ్చిందన్నావు. అదొక్కటే అయితే ఇంకో నెల ఆగేవాణ్ణేమో. జాస్పర్ బూట్ల సంగతి నీ ఉత్తరంలో రెండుసార్లు రాశావు. మొదట ఒకసారి, చివర ఒకసారి, రెండోసారి కొత్తగా చెబుతున్నట్టు. అక్కడ నాకు చేయి గుండీ వెతుక్కుంటున్నట్టు కనపడింది.

మీ అమ్మ ఎడ్నాని గురించి నేను చెప్పకుండా దాచింది కూడా ఉంది. ఆల్బియన్ మూతపడి, అంకెలు పిలుస్తుంటే చీటీల మీద కొట్టుకునే బింగో ఆట హాలు అయ్యాక దానికి అక్కడ అంకెలు పిలిచే ఉద్యోగం దొరికింది. నేను ఇరవై ఐదేళ్ళు గుసగుసలాడిన చోట నా చెల్లెలు గొంతెత్తి అరిచేది, చూసి భలే నవ్వుకునేవాణ్ణి. ఒక గురువారం ఎనభై ఎనిమిది పిలిచింది. పక్కపక్కన రెండు ఎనిమిదులు గనక ఇద్దరు బొద్దమ్మలు, అని పాత అలవాటుగా జనమంతా కూశారు. మళ్ళీ అదే బంతి చేతిలో పట్టుకుని ఎనభై ఎనిమిది అంది. వేళాకోళమనుకుని జనం ఇంకా గట్టిగా కూశారు. మూడోసారి కూడా అంది. అప్పుడు ఎవరూ కూయలేదు. నేను వెనక కుర్చీలో ఉన్నాను. చెయ్యి చూశాను. ఊరుకున్నాను. పదహారు నెలలు ఎవరికీ చెప్పలేదు, దానికీ చెప్పలేదు, నీకూ చెప్పలేదు. అప్పుడు దానికి అరవై ఒకటి.

ఆలస్యంగా అందించడమంటే ఏమిటో నాకు తెలుసు. అందుకే ఇప్పుడు తొందరపడుతున్నాను. పొరపాటైతే తిట్టు.

మామయ్య

*

పెక్‌హామ్,
జనవరి 30.

మామయ్యా,

తిడుతున్నాను.

నీకు ఎనభై ఒకటి, నాకు యాభై ఎనిమిది. ఇద్దరిలో ఎవరి బుర్ర గురించి ముందు బెంగపడాలో దారిన పోయేవాణ్ణి అడుగు. తల్లీకూతుళ్ళు కిటికీ దగ్గర కూర్చోవడం నా నాటకాలన్నిటిలోనూ ఉంది, నీకు ఒకదానికొకటి కలిసిపోయింది. బూట్ల సంగతి రెండుసార్లు రాశానంటే మధ్యలో ఎవరో తలుపు కొట్టి ఉంటారు. పని చేసే మనుషులకి అలాంటివి జరుగుతాయి.

రిహార్సళ్ళ మూడో వారంలో ఒక రచయితకి ఇలాంటి ఉత్తరం రాయకూడదని నలభై నాటకాలు చూసినవాడికి తెలియదా? నిన్న ఆ పేజీ వస్తుంటే గదిలోంచి లేచి వెళ్ళిపోయాను. వినలేకపోయాను. ఆ ఘనత నీది.

అమ్మ పేరు మళ్ళీ ఎత్తకు.

డెనీస్

*

ఫ్లీట్‌వుడ్,
ఫిబ్రవరి 4.

డెనీస్,

నోరీన్ చేత లైబ్రరీలో ఆ ఘట్టం ఉన్న ఏడు పేజీలకీ నకళ్ళు తీయించి ఇందులో పెట్టాను. పక్కన పెన్సిలు గుర్తులు నావి. "ఇక్కడ ఆగుతుంది, అందించకు" అని ఎర్ర పెన్సిలుతో రాసింది కూడా నేనే. తారీకు పైన ఉంది.

నా బుర్రే పోయిందని తేలితే బాగుండునని పెట్టె దించేటప్పుడు ఎంత కోరుకున్నానో నీకు చెప్పినా నమ్మవు. పుస్తకంలో ఆ పేజీ కోసం వెతుకుతూ, దేవుడా ఇక్కడ ఇంకేదైనా ఉండనీ అనుకున్నాను. చర్చికి వెళ్ళక ముప్ఫై ఏళ్ళయిన వాడి మొర ఎవరు వింటారు.

ఇష్టముంటే చూడు. లేకపోతే పొయ్యిలో పెట్టు.

వాల్టర్

*

పెక్‌హామ్,
ఫిబ్రవరి 17.

మామయ్యా,

చూశాను.

కవరు ఆరు రోజులు ఫ్రిజ్ మీద పెట్టుకుని తిరిగాను. ఏడో రోజు రైల్లో తెరిచాను, చుట్టూ జనం ఉంటే మర్యాదకైనా అరవకుండా ఉంటానని. మొదటి పేజీ చదివి, ఇది ఎవరిదో చాలా బాగుంది అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను మామయ్యా. నాదే అయిన దాన్ని నేను మెచ్చుకున్నాను. దిగవలసిన స్టేషను దాటి రెండు స్టేషన్లు ముందుకి పోయాను.

డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఇప్పుడిదంతా ఒక తంతు. ఒక చిరునామా చెప్పి, కాసేపు కబుర్లాడి, మళ్ళీ చెప్పమంటారు. పేరూ వీధీ ఇంటి నంబరూ చెప్పాను, ఊరు రాలేదు. "ఆ మనిషి ఏం చేస్తుంటాడో చెప్పి ఉంటే గుర్తుండేది, ఉత్త చిరునామా ఎవరికి గుర్తుంటుందండీ" అన్నాను. ఆ డాక్టరమ్మ నవ్వింది గాని ఏదో రాసుకుంది. గడియారం బొమ్మ వెయ్యమంది, వేశాను. తల్లికి మతిమరుపు ఏ వయసులో మొదలైందని అడిగింది. నీ ఉత్తరం చూసి అరవై ఒకటి అని చెప్పాను. అప్పుడు కూడా ఏదో రాసుకుంది. కావచ్చట, కాకపోవచ్చట. భయం వల్లా నిద్రలేమి వల్లా కూడా ఇలా జరుగుతుందట. స్కాన్ తీయాలి, ఆరు నెలల తరవాత మళ్ళీ రమ్మంది. ఆరు నెలలు ఈ కావచ్చు కాకపోవచ్చుని సంచిలో పెట్టుకు తిరగాలి.

నీ మీద అరిచినందుకు క్షమాపణ అడగను. నువ్వు దాన్ని ఫ్రేము కట్టించి గోడకి తగిలిస్తావు.

జాస్పర్‌కి ఆ ఘట్టం తీసేస్తున్నానని చెప్పాను. ఎందుకో చెప్పలేదు. బూట్లు లేని కాళ్ళతో నేల మీద కూలబడ్డాడు. "డెనీస్ గారూ, ఈ నాటకంలో ఇల్లంతా దానిమీదే నిలబడింది" అన్నాడు. మార్చి తొమ్మిదో తారీకు సోమవారం పొద్దుటికి కొత్తది ఇస్తానన్నాను. ఇవ్వకపోతే పాతదే ఉంచుతానని ఒప్పుకున్నాను. మార్చి ఇరవై ఏడున మొదటి ఆట.

భయంగా ఉంది. పొద్దున కాగితం ముందు కూర్చుంటే ఒక వాక్యం వస్తుంది, వెంటనే ఇది ఎక్కడిది అనిపిస్తుంది. కొట్టేస్తాను. ఇంకోటి వస్తుంది, అదీ ఎక్కడిది అనిపిస్తుంది. ఇంట్లో ప్రతి వస్తువూ దొంగ సరుకులా కనపడుతోంది.

డెనీస్

*

ఫ్లీట్‌వుడ్,
ఫిబ్రవరి 20.

డెనీస్ తల్లీ,

ఆ ఘట్టం ఉంచెయ్.

నేను రెండు రోజులు ఆలోచించే రాస్తున్నాను. ఆ నాటకం మూడు వారాలు ఆడింది. అన్నిటికంటే నిండిన రోజున ముప్ఫై ఒక్క మంది ఉన్నారు, అందులో నలుగురు వాన తగ్గేదాకా వచ్చినవాళ్ళు. అచ్చు కాలేదు. నోరా వేసినావిడ పోయింది, దర్శకుడు పోయాడు, థియేటర్లో ఇప్పుడు పెద్దమ్మలు అంకెలు కొట్టుకుంటున్నారు. దీని సంగతి తెలిసిన పుస్తకం భూమ్మీద ఒకటే ఉంది, అది నా అటక మీద ఉంది. నువ్వు ఊఁ అంటే ఈ సాయంత్రమే దాన్ని పెరట్లో తగలబెడతాను. నీ సొంత సొత్తు నువ్వు తిరిగి తెచ్చుకున్నావు, అంతే. ఊళ్ళో మా పెద్దనాన్న ఒకాయన ఒకే పడవని రెండుసార్లు కొనుక్కున్నాడు, రెండోసారి ఇంకా మురిసిపోయాడు.

నేను ఆ ఉత్తరం రాయకుండా ఉండాల్సిందేమో. రోజూ పొద్దున పోస్టావిడ వచ్చే వేళకి కిటికీ దగ్గర నిలబడుతున్నాను. నోరీన్ వెన్న, బంగాళాదుంపల కచోరీ తెచ్చిపెడితే నిన్న సగం అలాగే ఉండిపోయింది. "ఎవరి మీదండీ అలక" అని అడిగింది.

నీ పేరు నిలబడితే చాలు, ఎలా నిలబడిందో ఎవరికి కావాలి. పంతానికి పోకు.

మామయ్య

*

(కార్డు)

పెక్‌హామ్,
ఫిబ్రవరి 23.

మామయ్యా, పుస్తకం తగలబెట్టావంటే మళ్ళీ నీ మొహం చూడను. పంతం కాదు. పాతది ఉంచితే నాటకం నిలబడుతుంది నిజమే. కానీ నేను ఇంకా రాయగలనో లేదో నాకు ఎప్పటికీ తెలియదు. అది తెలియకుండా ఆరు నెలలు ఉండలేను. మూడుసార్లు రాశాను, మూడుసార్లు చింపాను. ఆ కచోరీ తిను. డె.

*

పెక్‌హామ్,
మార్చి 3.

మామయ్యా,

ఇందులో తొమ్మిది పేజీలున్నాయి. జాస్పర్‌కి ఇంకా చూపించలేదు. నువ్వే మొదటివాడివి.

కూతుర్ని తీసేశాను. నారింజ లేదు. జోన్ ఇల్లు కొనడానికి వచ్చిన మొగుడూ పెళ్ళాలకి పైన దీపం గది చూపిస్తూ ఉంటుంది. ముప్ఫై ఏళ్ళు రోజూ తుడిచిన అద్దాల మధ్య నిలబడి, దీపం వెనక ఉండే ఆ ఇత్తడి బిళ్ళని ఏమంటారో చెప్పబోతుంది. మాట రాదు. వాళ్ళు మర్యాదస్తులు, ఎదురుచూస్తారు. మర్యాద ఎంతసేపు నిలబడుతుంది అన్నదే ఘట్టమంతా. ఇది నాకు ఎక్కడినుంచి వచ్చిందో నువ్వు అడగక్కర్లేదు.

బాగుందా అని నేను అడగడం లేదు. ఆ సంగతి చెప్పడానికి పత్రికల వాళ్ళున్నారు. ఒక్కటే అడుగుతున్నాను. దీన్ని నేను ఇంతకుముందు రాశానా?

నా తొమ్మిది నాటకాలూ నీ దగ్గర ఉన్నాయి. నాకు నా మీద నమ్మకం లేదు. చదువుతుంటే నాకు కొత్తగానే ఉంది, కానీ ఆ నారింజ కూడా కొత్తగానే ఉంది కదా.

నన్ను సంతోషపెట్టడానికి అబద్ధం చెప్పకు. ఒకసారి చెప్పావంటే తరవాత నువ్వు చెప్పే నిజం కూడా నాకు పనికిరాదు. శనివారం పొద్దుటికల్లా జవాబు నా చేతిలో ఉండాలి.

డెనీస్

*

ఫ్లీట్‌వుడ్,
మార్చి 5, గురువారం.

డెనీస్,

నీ కవరు నిన్న పొద్దున తొమ్మిదిన్నరకి అందింది. వంటింటి బల్ల మీద ఎనిమిది పుస్తకాలూ పరిచాను. ఆల్బియన్‌లో ఆడిన నాలుగూ నా చేతి పుస్తకాలు, తరవాతి నాలుగూ నువ్వు పంపిన ప్రతులు. తొమ్మిదోదాని మొదటి అంకం కూడా పక్కన పెట్టుకున్నాను, వదిలెయ్యకూడదని. నిన్నంతా చదివాను, ఇవాళ మధ్యాహ్నం మూడింటిదాకా చదివాను. నువ్వు కొట్టేసిన మాటలు కూడా చదివాను, కొట్టేసినవి వెనక తలుపు గుండా తిరిగొస్తాయేమోనని. నోరీన్ భోజనం తెచ్చి, బల్ల మీద చోటు లేక ఒళ్ళో పళ్ళెం పెట్టి తినిపించినంత పని చేసింది.

చదవడంలో ఒక సుఖం కూడా ఉందని ఒప్పుకోవాలి. "నలభై నిమిషాల ఎండ"లో ఇద్దరు అక్కచెల్లెళ్ళు సముద్రపొడ్డున కుర్చీ మడత విప్పలేక తిట్టుకునే చోట నేను ఒంటరిగా పకపకా నవ్వాను. ఆ రోజుల్లో నీకు ఇరవై నాలుగు. ఆటకి ముందు మగవాళ్ళ మరుగుదొడ్లో దాక్కున్నావు, ఆడవాళ్ళ దాంట్లో అమ్మ వెతుకుతుందని. సరే, దారి తప్పాను.

నువ్వు అడిగినదానికి జవాబు.

రాయలేదు. ఈ ఘట్టం నువ్వు ఇంతకుముందు ఎక్కడా రాయలేదు. దీపం గది లేదు, ఇత్తడి బిళ్ళ లేదు, ఎదురుచూసే మొగుడూ పెళ్ళాలు ఎందులోనూ లేరు. ఇది కొత్తది.

అబద్ధం వద్దన్నావు గనక మిగతాది కూడా చెబుతాను. ఆరో పేజీలో పెళ్ళాం "తొందరేం లేదండీ, మాకు ఆఖరి బస్సు ఎలాగూ పోయింది" అంటుంది. అది "ఆదివారం బస్సు లేదు" రెండో అంకంలో ఉంది, ఒక్క మాట తేడాతో. ఒకటే వాక్యం. తీసెయ్యాలనుంటే తీసెయ్. నేనైతే ఉంచుతాను. ఒక మనిషి తొమ్మిది నాటకాల్లో ఒక బస్సుని రెండుసార్లు అందుకోలేకపోతే అది జబ్బు అని ఏ డాక్టరూ అనడు. అలా అని నాకు గట్టిగా తెలుసా అంటే తెలియదు. ఆ వాక్యం దొరికినప్పుడు లేచి కుళాయి దగ్గరికి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చి మిగతా మూడు పేజీలూ చదివాను. వాటిలో ఇంకేమీ లేదు.

ఇంకో సంగతి. ఇది నారింజ అంత బాగా లేదు. నాలుగో పేజీ సాగుతుంది, మొగుడు గోడల మందం గురించి మాట్లాడేదంతా కొట్టెయ్. ముగింపు తొందరపడింది. ఆనాడు నారింజ రాసిన పిల్లకి అన్నీ తెలుసు, ఎక్కడ ఆగాలో కూడా తెలుసు. దీన్ని రాసిన మనిషికి అంత తెలియదు, తడుముకుంటూ వెళ్ళింది. కానీ ఎనిమిదో పేజీలో జోన్‌కి మాట రాక, రాకపోయినా ఫరవాలేదన్నట్టు ఆ ఇత్తడిని ఏప్రను అంచుతో తుడవడం మొదలెడుతుంది చూడు, అక్కడ నేను చాలాసేపు కళ్ళజోడు తీసి కూర్చున్నాను. అది ఆ పిల్ల రాయలేదు. ఇలా రాయడం దానికి చేతకాదు.

జాస్పర్ మొహం చిన్నబుచ్చుకుంటే చిన్నబుచ్చుకోనీ. ఇరవై ఏడున నేను వస్తున్నాను. ఒంటిగంట రైలుకి నోరీన్ నన్ను ఎక్కిస్తుంది. కాలు చాచుకోవడానికి హాల్లో దారి పక్క సీటు అడుగు.

ఇప్పుడు ఐదు కావస్తోంది. ఐదుంపావుకి పోస్టు వ్యాను వస్తుంది, నోరీన్ కారు బయటికి తీసింది. వాన మొదలైంది. కాగితాలు మడిచి కవరులో పెడుతున్నాను.

వాల్టర్ మామయ్య